రంగులు మీవే!

“హీరో బొమ్మ లేకుండా సినిమా పుస్తకమేమిటండీ?”

మూడు రోజుల్లో ఈ మాట రెండు వందలసార్లయినా విని ఉంటాను. అడిగినవాళ్ళలో పదేళ్ళ బుడతలున్నారు, కాలేజీ కుర్రాళ్ళున్నారు, జుట్టుకి నీలం రంగు వేసుకుని జపాను బొమ్మల కథలోని వీరనారిలా ముస్తాబై వచ్చిన అమ్మాయిలున్నారు, మనవణ్ణి వేలు పట్టుకు నడిపించుకొచ్చిన తాతయ్యలున్నారు. అప్పుడు అందరికీ వివరంగా సమాధానం చెప్పే తీరిక లేకపోయింది. ఇప్పుడు చెబుతాను, వినండి.

2024లో హైదరాబాదులో జరిగిన ఒక అభిమానుల సంబరంలో నేనొక బల్ల అద్దెకు తీసుకున్నాను. ఆరడుగుల బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వెనకాల ఒక గుడ్డ తెర... అంతే నా సామ్రాజ్యం! ఆ బల్ల మీద నేను గీసి, ప్రెస్సులో అచ్చు వేయించి, మా మేనకోడలూ నేనూ రాత్రిళ్ళు కూర్చుని మడిచి పిన్నులు కొట్టిన 250 పుస్తకాలు. పేరు ‘16 రీళ్ళు’. వెల 100 రూపాయలు. చదువుకునే పుస్తకం కాదు, రంగులు వేసుకునే పుస్తకం.

అభిమానుల సంత

ఇలాంటి సంబరాలకి ఎప్పుడూ వెళ్ళనివారి కోసం రెండు ముక్కలు. అమెరికాలో శాన్‌డియాగో ఊళ్ళో 1970 ఆగస్టులో కామిక్స్ అంటే పడిచచ్చే కొందరు ఒక హోటల్లో మూడు రోజులు కలుసుకున్నారు. వచ్చింది సుమారు 300 మంది. ఈనాడు ప్రపంచమంతా చెప్పుకునే ‘కామిక్ కాన్’ అదే. జపాన్‌లో 1975 డిసెంబరులో టోక్యోలో మొదలైన ‘కామిక్ మార్కెట్’ ఇంకా చిత్రమైనది. అక్కడ బల్లలు వేసుకున్నది పెద్ద కంపెనీలు కాదు, తమ బొమ్మల పుస్తకాలు తామే గీసి, తామే అచ్చు వేసుకున్న అభిమానులు. మొదటిసారి 32 బృందాలు బల్లలు వేస్తే చూడవచ్చినవారు 700 మంది. ఇప్పుడక్కడ జనాన్ని లక్షల్లో లెక్కపెడుతున్నారు.

మనదేశానికి ఈ వేడుక 2011లో ఢిల్లీలోని దిల్లీ హాట్‌కి వచ్చింది. 2013లో హైదరాబాదు చేరింది. ఆ దారిలోనే ఇప్పుడు చిన్నా పెద్దా సంబరాలు ఎన్నో జరుగుతున్నాయి. లోపలికి వెళితే తిరనాళ్ళే! ఒకడు గబ్బిలం మనిషి, ఒకడు సాలీడు మనిషి, ఒకామె కిరీటమూ కత్తీ ధరించి మిర్చి బజ్జీ తింటూ ఉంటుంది. పెద్ద కంపెనీల దుకాణాలన్నీ హాలు మధ్యలో, గోడవారగా చిన్న చిన్న బల్లల వరస. సొంతంగా బొమ్మలు గీసి అమ్ముకునేవాళ్ళ చోటు అది. ‘ఆర్టిస్ట్ ఆలీ’ అంటారు. మన భాషలో బొమ్మల వీధి అనుకోండి. ఆ వీధిలో చివరి నుంచి మూడో బల్ల మాది.

పదహారే ఎందుకు?

35 మిల్లీమీటర్ల ఫిల్ము వెయ్యి అడుగులు చుడితే ఒక రీలు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున అది తెర మీద ఆడేది సుమారు 11 నిమిషాలు. మూడు గంటల సినిమా అంటే అటూ ఇటూగా 16 రీళ్ళు. పాతకాలంలో సినిమా నిడివిని గంటల్లో కాదు, రీళ్ళల్లోనే చెప్పుకునేవారు. అందుకని నా పుస్తకంలో 16 బొమ్మలు. మధ్య పిన్ను దగ్గర విప్పితే ఇంటర్వెల్!

బొమ్మలన్నీ సినిమా చూడటం గురించే. మొదటి రీలు, ఊళ్ళోకి వచ్చిన ప్రచారపు రిక్షా, దాని మీద మైకు, గాలిలో ఎగిరే కరపత్రాల వెనక పరుగెత్తే పిల్లలు. రెండోది, టూరింగ్ టాకీస్ డేరా, మైకులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి భక్తిగీతం వినబడగానే “టిక్కెట్లిస్తున్నార్రోయ్!” అంటూ చేలగట్ల మీద కదిలిన జనం. తర్వాత నేల, బెంచీ, కుర్చీ. నేల టిక్కెట్టులో ముందున్నవాడి తల అడ్డొస్తే ఇసక పోగుచేసుకుని దాని మీద ఎక్కి కూర్చున్న ఘనుడు. ఒకే ప్రింటు రెండు హాళ్ళలో ఆడుతుంటే, అక్కడ అయిపోయిన రీళ్ళ పెట్టెను సైకిలు వెనక కట్టుకుని ప్రాణాలకు తెగించి తొక్కే కుర్రాడు. ప్రొజెక్టరు గదిలో రెండు కార్బను కడ్డీల మధ్య పుట్టే వెలుగు, ఆ వేడికి బనీను తడిసిపోయిన ఆపరేటరు. ఇంటర్వెల్లో గోళీసోడాలు, వేరుశనక్కాయలు. చివరి రీలు కాస్త ముందుగా లేచి, చెప్పులు వెతుక్కుంటూ ఇంకా తెర వైపే చూసే మనుషులు.

ఇక పద్నాలుగో రీలు. అదే అసలు గొడవ! హాలు ముందు నలభై అడుగుల కటౌటు, సరంజామా మీద నిలబడి దండ వేస్తున్న అభిమానులు, కింద డప్పులు, కాగితాల వాన. కటౌటుకి చొక్కా ఉంది, ప్యాంటు ఉంది, నడుం మీద చేయి ఉంది. ముఖం మాత్రం ఖాళీ. తెల్లకాగితం!

“ఇదేంటి మావయ్యా, ఇక్కడ హీరో ముఖం పెడితే పుస్తకం హాట్‌కేకులా పోతుంది కదా!” అంది మా మేనకోడలు, అచ్చుకి ఇచ్చే ముందు రోజే. పంతొమ్మిదేళ్ళ పిల్ల, బి.కాం. చదువుతోంది. లెక్కల్లో నాకన్నా గట్టిది.

“ఏ హీరో ముఖం పెట్టమంటావే?” అన్నాను.

ఆమె ఒక పేరు చెప్పింది. పక్క గదిలోంచి వాళ్ళ తమ్ముడు ఇంకో పేరు అరిచాడు. వంటింట్లోంచి మా అక్క మూడో పేరు చెప్పింది. ఆ పేరుగలాయన సినిమాల్లోంచి తప్పుకుని చాలా కాలమైంది. ఒక ఇంట్లోనే ఇన్ని కటౌట్లున్నప్పుడు నేను ఎవరిని నిలబెట్టాలి? ఖాళీ ముఖం ఖాళీగానే అచ్చుకి వెళ్ళింది.

పుస్తకం వెనక పుస్తకం

రంగులు వేసుకునే పుస్తకం చేయడం తేలికనుకునేరు! మామూలు బొమ్మలో నీడలు పెట్టొచ్చు, నలుపు నింపొచ్చు. ఇక్కడ అవన్నీ పక్కన పెట్టాలి. గీత మొదలైన చోటికి తిరిగి వచ్చి కలవాలి. కలవకపోతే రంగు ఎక్కడ ఆపాలో వేసేవాడికి తెలియదు. మరీ సన్నని వివరాలు పెడితే సగంలో విసుగు, మరీ ఖాళీగా వదిలితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. జనం బొమ్మలో నూరు తలలు గీశాను. మా పక్కింటి పిల్లకిచ్చి చూస్తే పదకొండో తల దగ్గర పెన్సిలు పడేసి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. నూరు తలలు ముప్ఫై అయ్యాయి.

కాగితం సంగతి మరీ ముఖ్యం. పల్చటి కాగితం మీద స్కెచ్ పెన్ను పెడితే వెనక పేజీలోకి దిగిపోతుంది. మెరిసే ఆర్టు పేపరు మీద రంగు పెన్సిలు పట్టదు. 100 జి.ఎస్.ఎం. మాప్‌లితో తీసుకుని, ప్రతి బొమ్మ వెనకా పేజీ ఖాళీగా వదిలాను. 16 బొమ్మలకి 32 పేజీలు. ఏ3 కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు కదా, అంటే పుస్తకానికి ఎనిమిది కాగితాలు, పైన ఒక అట్ట. మధ్యలో రెండు పిన్నులు. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలన్న చిన్న సూత్రం ఇంట్లో పుస్తకం చేసేవాళ్ళందరికీ మొదటి పాఠం.

ఖర్చు చెప్పమంటారా? పుస్తకానికి 40 రూపాయల చొప్పున 250కి 10,000. బల్ల అద్దె 8,000. ఆటోలు, గుడ్డ బ్యానరు, రంగు పెన్సిళ్ళు, తిండీ తిప్పలూ కలిపి 2,000. మొత్తం 20,000. అంటే 200 పుస్తకాలు అమ్మితేగాని పెట్టుబడి వెనక్కి రాదు. ఈ లెక్క మా మేనకోడలు ఒక అట్టముక్క మీద రాసి బల్ల కింద, నాకు మాత్రమే కనిపించేలా అంటించింది!

మొదటి రోజు

మొదటి రోజు 31 పుస్తకాలు అమ్ముడయ్యాయి. మా ఎడమ పక్క బల్ల వాళ్ళు జపాను బొమ్మల స్టిక్కర్లు అమ్ముతున్నారు. అక్కడ తోపులాట. కుడిపక్క కీచైన్లు. అక్కడా తోపులాట. మధ్యలో మేము, మా పుస్తకాలు, మా ఫ్యాను. జనం వచ్చేవారు, అట్ట చూసి నవ్వేవారు, పేజీలు తిరగేసేవారు. పద్నాలుగో రీలు దగ్గర ఆగేవారు. “హీరో ఎక్కడండీ?” అనేవారు. వెళ్ళిపోయేవారు.

సాయంత్రం ఒక తాతగారు వచ్చారు. పుస్తకం అటూ ఇటూ తిప్పి, “ఇదివరకు హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవారు, అలా ఉందయ్యా నీ వ్యవహారం” అన్నారు.

ఈ తరం పాఠకులు కొందరికి పాటల పుస్తకం తెలియకపోవచ్చు. ప్రతి సినిమాకీ పల్చటి పుస్తకం ఒకటి వేసేవారు. అట్ట మీద నాయికా నాయకుల బొమ్మ, లోపల నటీనటుల పేర్లు, సాంకేతిక వర్గం, పాటలు, కథా సంగ్రహం. ఆ కథ ఎప్పుడూ పూర్తిగా ఉండేది కాదు! నాయికని దుండగులు ఎత్తుకుపోయారా, నాయకుడు జైలు పాలయ్యాడా, సరిగ్గా అక్కడ ఆపి, మిగతాది వెండితెర మీద చూడమనేవారు. పుస్తకం కొన్నవాడికి కోపం వచ్చేది కాదు. లోపలికి వెళ్ళి టిక్కెట్టు కొనేవాడు!

తాతగారు వెళ్ళాక నేను చాలాసేపు అదే ఆలోచించాను. సగం చెప్పి ఆపడం మోసం కాదు, పిలుపు. కాకపోతే ఆ పిలుపు వినబడేట్టు పిలవాలి కదా!

మర్నాడు పొద్దున్నే మా మేనకోడలు బల్ల సగం ఖాళీ చేసింది. అక్కడ విడి కాగితాల మీద అచ్చు వేసిన మూడు బొమ్మలు, ఒక డబ్బా నిండా రంగు పెన్సిళ్ళు, ముందర రెండు స్టూళ్ళు పెట్టింది. అట్టముక్క మీద పెద్దక్షరాలతో “ఐదు నిమిషాలు కూర్చోండి, రంగు వేసి చూడండి, ఉచితం” అని రాసింది. నా కుర్చీ కూడా లాక్కుంది. ఆ రోజంతా నేను నిలబడే ఉన్నాను. ఆ రోజు అమ్మింది 74.

నిలబడి చూసేవాడు ప్రశ్న వేసి పోతాడు. కూర్చుని ఒక చొక్కాకి రంగు వేసినవాడు, మిగతా చొక్కాల సంగతేమిటని ఆలోచిస్తాడు. నాకు అప్పటికి అర్థమైన వ్యాపార రహస్యం ఇదొక్కటే.

తెరకి రంగు వేయాలా?

ఆ స్టూలు మీదనే ఒక ఎనిమిదేళ్ళ పాప నన్ను నిలదీసింది. ఐదో రీలు బొమ్మ, డేరా లోపల జనం, ఎదురుగా తెర మీద పౌరాణిక చిత్రం ఆడుతోంది. పాప జనానికంతా రంగులు వేసి, తెర దగ్గర ఆగిపోయింది.

“అంకుల్, ఇది పాత సినిమా కదా, తెరకి రంగు వేయాలా, వద్దా?”

వాళ్ళమ్మ “బ్లాక్ అండ్ వైట్ కదమ్మా, వదిలెయ్” అంది. పక్క స్టూలు మీద కుర్రాడు “ఏం, లోపల ఉన్నవాళ్ళు రంగు బట్టలు వేసుకోలేదా?” అన్నాడు. అక్కడ మొదలైంది సభ! కీచైన్ల బల్ల వాళ్ళు కూడా వచ్చి చేరారు.

ఎవరి మాటా తీసిపారేయడానికి లేదు. మన మొదటి పూర్తి నిడివి వర్ణచిత్రం ‘లవకుశ’ వచ్చింది 1963లో. సాంఘిక చిత్రానికి పూర్తిగా రంగు పట్టింది 1965లో, ‘తేనెమనసులు’తో. అంతకుముందు షూటింగుల్లో సెట్టు మీద రంగులు లేవా అంటే ఉన్నాయి. పట్టుచీరలు, కిరీటాలు, గోడలు, పూలు అన్నిటికీ రంగులున్నాయి. కాకపోతే ఆ రంగులు ఎంచుకున్నది కంటికి ఎలా కనిపిస్తాయని కాదు, ఫిల్ము మీద ఏ బూడిద ఛాయగా పడతాయని. ఒకే ఛాయ గల ఎరుపూ ఆకుపచ్చా నలుపు తెలుపు ఫిల్ము మీద ఇంచుమించు ఒకేలా పడతాయి. కళాదర్శకులూ ఛాయాగ్రాహకులూ ఆ లెక్క చూసుకుని రంగులు ఎంచేవారు. మరి అసలు రంగేదో తెర చూసి చెప్పడం ఎవరి తరం?

1957లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వంలో, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణంతో వచ్చిన ‘మాయాబజార్’ 2010 జనవరిలో రంగులు దిద్దుకుని మళ్ళీ విడుదలైంది. గోల్డ్‌స్టోన్ సంస్థవారు హైదరాబాదులో కంప్యూటర్ల మీద చేయించిన పని అది. కొందరు కళ్ళు చెమర్చి చూశారు, కొందరు మా పాత ఛాయలు మాకివ్వండి అన్నారు. రెండూ అభిమానమే! ఒకరికి అభిమానం అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడుకోవడం, ఇంకొకరికి అభిమానం అంటే తాము కలగన్న రంగు దానికి వేయడం.

ఇంకో సంగతి కూడా ఆ పాపకి చెప్పాను. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన విజయా సంస్థకి వెనక ఉన్న నాగిరెడ్డి – చక్రపాణి గార్లే 1947లో ‘చందమామ’ పత్రిక మొదలుపెట్టారు. ఒక చేత్తో పిల్లలకి బొమ్మలు, ఒక చేత్తో పెద్దలకి సినిమాలు. కార్టూన్లు గీస్తూ వచ్చిన బాపుగారు 1967లో ‘సాక్షి’తో దర్శకుడైతే, తీయబోయే దృశ్యాన్ని ముందు కాగితం మీద గీసుకునేవారు. అంటే ఏమన్నమాట? మీరు చూసే సినిమా కూడా ఒకప్పుడు ఎవరి బల్ల మీదో రంగు వేయని బొమ్మే!

పాప అంతా విని, తెర మీద కిరీటానికి మాత్రం పసుపు వేసింది. మిగతా తెర తెల్లగా వదిలేసింది. “ఎందుకమ్మా?” అంటే, “అది బంగారం కదా, అది అందరికీ తెలుసు” అంది. ఇంత కన్నా తీర్పు ఏ కోర్టు చెబుతుందండీ!

200 పుస్తకాల బేరం

మూడో రోజు పొద్దున్న అసలు పరీక్ష వచ్చింది. భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు. మనిషి నెమ్మదస్తుడు. తన అభిమాన నటుడి బొమ్మ ఉన్న టీషర్టు. పుస్తకం ఆసాంతం చూశాడు. పద్నాలుగో రీలు దగ్గర ఆగాడు.

“గురువుగారూ, ఇక్కడ మా హీరో ముఖం వేసి ఇస్తే 200 పుస్తకాలు తీసుకుంటానండి. పుట్టినరోజుకి మా ఊరి బళ్ళో పిల్లలకి పంచుతాం. డబ్బు ఇప్పుడే సగం ఇచ్చేస్తాను.”

మా మేనకోడలు నా కాలు తొక్కింది. బల్ల కింది అట్టముక్క నాకేసి చూసింది. అప్పటికి అమ్మినవి 105. పెట్టుబడికి ఇంకా 95 కావాలి. ఇక్కడ ఒకే మనిషి 200 అంటున్నాడు!

నేను ఆలోచించాను. ఆయన ముఖం నేను గీయగలను. గీస్తే దేన్ని చూసి గీస్తాను? ఏదో సినిమా స్టిల్లు చూసి. ఆ స్టిల్లు ఎవరో ఫొటోగ్రాఫరు తీసింది, ఏదో నిర్మాణ సంస్థది. ముఖమేమో ఆ నటుడిది. మన కాపీరైటు చట్టం ప్రకారం సినిమా మీద హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. 1957 నాటి ‘మాయాబజార్’కే సినిమాగా ఆ గడువు 2017 చివరిదాకా ఉంది. అందులోని రచనలకీ, సంగీతానికీ, చిత్రాలకీ లెక్క వేరు, వాటిని సృష్టించినవారు కన్నుమూశాక 60 ఏళ్ళు. ఇక ముఖం సంగతి. తమ పేరూ, రూపమూ, గొంతూ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని 2022లో అమితాబ్ బచ్చన్, 2023లో అనిల్ కపూర్ ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. తర్వాత 2025లో మన నాగార్జున కూడా తెచ్చుకున్నారు.

చట్టం ఒక్కటే కాదు లెండి. వెల కట్టి అమ్ముతున్నది నేను. ఆ ముఖం చూసి కొంటే, ఆ డబ్బు నా గీతకి వచ్చింది కాదు, ఆయన ముఖానికి వచ్చింది. అది నాకు రుచించలేదు.

ఈ మాటే చెప్పాను. అతను నొచ్చుకున్నాడు.

“మేము గోడల మీద బొమ్మలేయలేదాండీ? కటౌట్లు పెట్టలేదా? మా హీరో బొమ్మ మేమేసుకుంటే ఎవరికండీ అభ్యంతరం?”

న్యాయమైన ప్రశ్నే. “మీరు వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు బాబూ. అందుకే ఖాళీగా వదిలాను. వేయండి!” అన్నాను.

అతను కాసేపు ఆ ఖాళీ ముఖం వంక చూశాడు. మెల్లిగా అన్నాడు, “నాకు బొమ్మలు వేయడం రాదండి.”

ఈ మాట ముందే ఊహించానంటే అబద్ధం. మూడు రోజులూ “హీరో ఎక్కడ?” అన్నవాళ్ళలో ఎంతమంది మనసులో ఈ మాట ఉందో! స్టూలు మీద కూర్చోబెట్టాను. కటౌట్ల కళాకారులు నలభై అడుగుల ముఖం ఎలా గీసేవారో చూపించాను. రహస్యమేమీ లేదు. ముందు చిన్న ఫొటో మీద నిలువుగా, అడ్డంగా గళ్ళు గీస్తారు. పెద్ద చెక్క మీద కూడా అన్నే గళ్ళు, పెద్ద పెద్దవి. ఇక ముఖాన్ని మరచిపోతారు! ఈ గడిలో ఏ గీత ఉందో ఆ గడిలో ఆ గీత. ఒక్కో గడీ నింపుకుంటూ వెళితే చివరికి ముఖం దానంతటదే వస్తుంది. కన్ను గీస్తున్నానని భయపడితే కన్ను రాదు, గడిలో వంపు గీస్తున్నానంటే వస్తుంది.

అతను తన ఫోనులో బొమ్మ తెరిచి, అద్దం మీద గళ్ళున్నట్టు ఊహించుకుంటూ, పెన్సిలు పట్టుకుని ముప్పావుగంట కూర్చున్నాడు. తనతో వచ్చిన స్నేహితులు రెండుసార్లు పిలిచినా లేవలేదు. వచ్చిన ముఖం వాళ్ళ హీరోదేనా అంటే... కళ్ళజోడు మటుకు ఆయనదే! కానీ అతను ఆ కాగితాన్ని మడవకుండా, నలగకుండా, గొట్టంలా చుట్టి పట్టుకున్న తీరు చూస్తే నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు.

200 తీసుకోలేదు. ఎవరికో ఫోను చేసి మాట్లాడి, 50 తీసుకున్నాడు. ఖాళీ ముఖంతోనే! “పిల్లలతో వాళ్ళ హీరోల్ని వాళ్ళనే వేయిస్తామండి. మా హీరోని నేను వేస్తాను” అన్నాడు. యాభైకీ మా మేనకోడలు పుస్తకానికి 80 చొప్పున ధర వేసింది. నేను నోరు మెదపలేదు. ఆ శాఖ ఆమెది.

లెక్కా పత్రమూ

మూడో రోజు విడిగా ఇంకో 68 పోయాయి. మొత్తం 223. నూరు చొప్పున 173, ఎనభై చొప్పున 50 కలిపితే 21,300. ఖర్చు 20,000 పోను లాభం 1,300. నెలన్నర గీత, వారం మడత, మూడు రోజుల నిలబాటు, దానికి 1,300! మా మేనకోడలు లెక్క చూసి నవ్వింది. ఆ రాత్రి బిర్యానీకి అందులో సగం అయిపోయింది.

ఈ డబ్బుతో ఎవరూ మేడలు కట్టరు. అయినా చెబుతున్నాను, చేయండి. మీలో చాలామందికి నచ్చిన నటులున్నారు, సినిమాలున్నాయి. ఈ పత్రికలో నడిమి పేజీ బొమ్మ చింపి గోడకి అంటించేవాళ్ళున్నారు, ఫోనులో వందలకొద్దీ బొమ్మలు దాచుకునేవాళ్ళున్నారు. మంచిదే. ఒక్కసారి ఆ అభిమానాన్ని చేతిలోకి తెచ్చుకోండి. మీ ఊరి హాలు గీయండి. టిక్కెట్ల కిటికీ గీయండి. మొదటి ఆటకి మీతో వచ్చి ఈలలు వేసిన స్నేహితుణ్ణి గీయండి. వాటి మీద హక్కు ఏ కంపెనీదీ కాదు, మీదే. ఎనిమిది కాగితాలు, రెండు పిన్నులు. పది కాపీలు తీసి స్నేహితులకిచ్చినా అది పుస్తకమే.

పెద్ద హాళ్ళు మూతపడి కల్యాణ మండపాలయ్యాయి, టూరింగ్ డేరాలు లేచిపోయాయి, రీళ్ళ పెట్టెలు పాతసామాన్ల కొట్లకి చేరాయి. వాటిని చూసినవాళ్ళు చెప్పాలి, చూడనివాళ్ళు రంగు వేయాలి. నలుగురు అలా వేస్తే ఆ డేరా మళ్ళీ నాలుగు రంగుల్లో లేస్తుంది.

మిగిలిన 27 పుస్తకాలూ మా బీరువాలో ఉన్నాయి. రెండో ముద్రణకి బొమ్మలు సిద్ధమవుతున్నాయి. అందులో ఒక మార్పు చేశాను. పద్నాలుగో రీలులో కటౌటు ముఖం ఇంకా ఖాళీగానే ఉంది, కానీ ఈసారి ఆ ఖాళీలో సన్నగా, కనీ కనిపించకుండా, గళ్ళు గీసి ఉంచాను.